తెల్లబోర్డు సంజాయిషీ

నాలుగో నంబరు గదిలోది గోడబోర్డు. సిమెంటు మీద నలుపు పూసింది కాబట్టి తడిగుడ్డ పెట్టి తుడవచ్చు. తడి ఆరేదాకా సుద్దముక్క తాకించకూడదు, అంతే. ఏడో నంబరు గదిలో మూడుకాళ్ల స్టాండు మీద చెక్కబోర్డు ఉంది. నీళ్లు ఎక్కువైతే పలక ఉబ్బుతుంది. గుడ్డను గట్టిగా పిండి, పైనుంచి కిందికి ఒక్కసారే లాగాలి. జువాలజీ వాళ్ల గుడ్డబోర్డును చాపలాగా చుట్టి మూలన నిలబెడతారు. దాన్ని దులపాలే గాని తుడవకూడదు. ఆఫీసు వరండాలోని పచ్చ గాజుబోర్డుకు పాత పేపరు ఉండచుట్టి రుద్దితే చాలు. ఏటా జూన్‌లో కాలేజీ తెరవబోయే ముందు, గదులు ఊడ్చి తుడిచే మునెమ్మ కంచె వెంబడి దొండాకు కోసుకొచ్చి, బొగ్గు వేసి మెత్తగా రుబ్బి, గోడబోర్డులకూ చెక్కబోర్డులకూ రెండు పూతలు వేసేది. ఇవేవీ ఆమెకు ఒకరు నేర్పినవి కావు. చేస్తూ చేస్తూ తెలుసుకున్నవి.

సెమినార్ హాల్లోకి కొత్తగా వచ్చిన తెల్లబోర్డు సంగతి మాత్రం ఇంకా తెలియదు.

అది 1988 నవంబరు. కాలేజీలో చదువుకొని మద్రాసులో వ్యాపారం చేసుకుంటున్న పాత విద్యార్థి ఒకాయన ఆ బోర్డును లారీలో పంపించాడు. చుట్టూ అల్యూమినియం పట్టీ, పళ్లెంలా నున్నటి పలక. దాంతోపాటు నాలుగు రంగుల పెన్నులు వచ్చాయి. చిత్తూరు మొత్తంలో ఇలాంటిది ఇదొక్కటేనని ప్రిన్సిపాల్ మునిరామయ్య ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు. శుక్రవారం తిరుపతి నుంచి కమిటీ వస్తుంది. కాలేజీని చూసి గుర్తింపు పొడిగించాలో లేదో రాసుకొని పోతుంది. కమిటీ వచ్చిననాడు తీద్దామని ఆయన ఆ నాలుగు పెన్నులనూ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. బోర్డును ఎలా తుడవాలో ఎవరికీ చెప్పలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

సోమవారం పొద్దున మునెమ్మ సెమినార్ హాలు తలుపు తీసేసరికి బోర్డు నిండా నీలం గీతలున్నాయి. అన్నీ ఆరుమూలల బొమ్మలు. ఒకదానికొకటి అంటుకొని తేనెపట్టు గదుల్లాగా ఉన్నాయి. వాటి మూలల్లో ఇంగ్లీషు అక్షరాలు. శనివారం సాయంత్రం కెమిస్ట్రీ సారు సారంగపాణి ఇక్కడ క్లాసు తీసుకున్నాడని ఆమెకు తెలుసు. గుడ్డ తీసుకొని తుడిచింది. గీత కదలలేదు. గట్టిగా రుద్దింది. గుడ్డకు రంగు కూడా అంటలేదు.

బకెట్టులో గుడ్డ ముంచి, పిండి, మళ్లీ తుడిచింది. బోర్డు తళతళలాడింది. గీతలు ఇంకా బాగా కనిపించాయి.

ఇంటర్వెల్‌కు ముందే పోగొట్టాలనుకుంది. గోడవారన పెట్టుకున్న తన సంచిలో నుంచి సీకాయపొడి తీసి పెట్టి చూసింది. పోలేదు. వాచ్‌మన్ గురప్ప తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏం మునెమ్మక్కా, బోర్డుకు తలంటు పోస్తా ఉండావా?"

"నవ్వుతావేమిరా. ఇది పోతా ఉండ్లేదు."

"పెయింటు మాదిరి ఉండాదే. యాడన్నా గోకి సూడు."

"గోకితే తెలుపు పోతుంది. సేతులు ముడుసుకోని గమ్మునుండు."

హాస్టలు వంటగదికి పోయి నిమ్మకాయంత చింతపండు అడిగి తెచ్చింది. నీళ్లలో పిసికి, పీచుతో కాక అరచేత్తోనే ఒక మూలన రుద్దింది. పులుసు కారి అల్యూమినియం పట్టీ మీదుగా నేల మీద పడుతోంది. ప్రిన్సిపాల్ వచ్చింది అప్పుడే. ఆయన వెనక చేతిలో హాజరుపట్టీతో సారంగపాణి ఉన్నాడు.

"ఏమ్మే, ఏం చేస్తా ఉండావు?"

"రాత పోతా ఉండ్లేదు సార్. చింతపండు పెట్టి సూస్తా ఉండా."

"చింతపండా! ఇదేమన్నా మీ ఇంట్లో ఇత్తడి చెంబనుకుంటివా?"

మునెమ్మ చెయ్యి వెనక్కి తీసుకొని కొంగుకు తుడుచుకుంది. ప్రిన్సిపాల్ దగ్గరికొచ్చి వేలితో బోర్డును తాకాడు. వేలికంటిన తడిని చూసుకున్నాడు.

"ముందు ఏం పెట్టి తుడిసినావు?"

"పొడిగుడ్డ సార్. పోకపోతే తడిగుడ్డ పెట్టినా."

"అద్దీ కత! తడి తగిలింది, ఇంకు లోపలికి ఇంకిపాయె. నల్లబోర్డుకూ దీనికీ తేడా తెలీదా? పదకొండేండ్లుగా ఏం పని చేసినావు ఈడ? సారంగపాణీ, అంతే గదా? తడి తగలబట్టే గదా?"

సారంగపాణి కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నుదుటి మీద నామం చెమటకు కొంచెం కరిగి ఉంది.

"తడి తగలకుండా ఉండుంటే బాగుండేది సార్," అన్నాడు.

ప్రిన్సిపాల్ అందరినీ బయటికి పంపి, తలుపుకు తనే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "శుక్రవారం దాకా దీన్ని ఎవ్వరూ ముట్టుకోకూడదు. ముట్టుకొని ఉండేదీ పోగొడతారు. ఆరోజు ఏదన్నా కర్టెను కడదాం," అన్నాడు. మునెమ్మ వైపు చూడకుండా, "నీకు మెమో వస్తుంది," అన్నాడు.

ఆమె బకెట్టు తీసుకొని వరండా చివర చెట్టు మొదట్లో నీళ్లు పారబోసింది. తడిగుడ్డ పెట్టింది నిజమే. తెలియని వస్తువు మీద చెయ్యి పెట్టే ముందు ఒకరిని అడగాల్సిందని పదకొండేళ్లలో ఆమెకు అనిపించడం ఇదే మొదటిసారి. ఏడో నంబరు గదికి పోయి చెక్కబోర్డు తుడిచేటప్పుడు గుడ్డను రెండుసార్లు పిండుకుంది.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో క్లర్కు రామచంద్ర ఆమెకు మెమో ఇచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడు. అతనిదీ పూతలపట్టు దగ్గర ఆమె ఊరే. వాళ్ల ఇంట్లో బి.ఏ. దాకా చదివినవాడు అతనొక్కడే. నలుగురిలో ఉన్నప్పుడు ఆమె అతన్ని క్లర్కు సార్ అనేది. అతను మాత్రం ఎక్కడున్నా అత్తా అనే పిలిచేవాడు. మిగతావాళ్లు భోజనాలకు పోయేదాకా ఆగి, ఆమెను స్టూలు మీద కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. బీరువాకు ఆనుకొని నిలబడింది.

"సంజాయిషీ అడిగినారు అత్తా. ఇరవైనాలుగు గంటల్లో ఇయ్యాల."

"సంజాయిషీ అంటే ఏంది నాయనా?"

"ఎందుకట్ల జరిగిందో నువ్వే రాసియ్యడం."

"నాకు రాసేదానికి వస్తే ఈడ పొరక పట్టుకుంటానా? నువ్వే రాయి. గుడ్డతో తుడిస్తే పోలేదు, నాకు తెలీదు అని రాయి."

రామచంద్ర పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"తెలీదని రాస్తే ఎంక్వయిరీ పెడతారు అత్తా. ఎంక్వయిరీ ఉంటే నీ పేరు పైకి పోదు. పర్మనెంటు చేసేదానికి ఈ శనివారం ఆరుగురి పేర్లు కడపలో పెద్దాఫీసుకు పంపిస్తా ఉండారు. నీది మూడోది. ఈసారి తప్పితే మళ్లా ఎప్పుడు అడుగుతారో ఎవరికీ తెలీదు. తప్పు నాదే, ఇకమీదట జాగ్రత్తగా ఉంటానని ఒక్క ముక్క రాసిస్తే ప్రిన్సిపాల్ మెత్తబడతాడు. ఆయన సంగతి నాకు తెలుసు."

"నీకట్ల తోస్తా ఉండాదా?"

"తోస్తా ఉండాది."

అతను ఒక తెల్లకాగితం తీసి, వరసలు తప్పకుండా రాశాడు. పూర్తయ్యాక చదివి వినిపించాడు. "సెమినార్ హాలునందలి తెల్లబోర్డును నేను అజాగ్రత్తతో తడిగుడ్డతో తుడుచుట వలన అది చెడిపోయినదని ఒప్పుకొనుచున్నాను."

"అజాగ్రత్త అంటే?"

"అంటే... సూసుకోకపోవడం."

"సూసుకోకుండా యాడ తుడిసినా నేను? సూస్తానే గదా తుడిసింది."

"రాతలో అట్ల రాస్తారు అత్తా. దానికేం కాదు."

ఆమె పెన్ను తీసుకొని బల్ల మీదికి వంగింది. నెలనెలా సంబళం తీసుకునే రిజిస్టరు కోసం నేర్చుకున్న సంతకం. ము రాసి కొంచెం ఆగి, మిగతా రెండక్షరాలూ ఒక్కొక్కటిగా దింపింది. ఆఖరి అక్షరం కింది ఒత్తు ఎప్పటిలాగే పక్కకు ఒరిగింది. రామచంద్ర కాగితాన్ని అద్దుడు కాగితంతో ఒత్తి, ఫైలులో పెట్టాడు.

ప్రిన్సిపాల్ ఆ సంజాయిషీని చదివి మెత్తబడలేదు. కోప్పడనూ లేదు. బుధవారం పొద్దున ఆరుగురి పేర్ల జాబితా తెప్పించి, మూడో పేరుకు ఎదురుగా రిమార్కుల గడిలో "కాలేజీ ఆస్తి నష్టం విషయమై సంజాయిషీ జతపరచడమైనది" అని టైపు చేయమన్నాడు. రామచంద్ర టైపు చేశాడు. చెయ్యకుండా ఉండటం ఎలాగో అతనికి తోచలేదు. సాయంత్రం బస్టాండులో మునెమ్మ పక్కన నిలబడి ఆ సంగతి చెప్పాడు.

"అంటే ఏమౌతుంది?"

"కడపలో ఈ కాయితం సూసినోళ్లు నీ పేరు పక్కన పెడతారు అత్తా. నేనిట్ల అవుతుందనుకోలేదు."

పూతలపట్టు మీదుగా పోయే బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అతను రోజూ కూర్చునే ముందు సీటుకు పోకుండా వెనక నిలబడ్డాడు. వాళ్ల ఊరి దగ్గర ఇద్దరూ దిగారు. దిగాక ఆమె, "నువ్వు మంచికే రాసినావులే నాయనా. అయినా సదివినాక నన్ను ఒగసారి ఆలోసించుకోనిచ్చింటే బాగుండు," అంది.

గురువారం కెమిస్ట్రీ ల్యాబులో పని. ప్రాక్టికల్సు మొదలయ్యే ముందు అల్మారాల్లోని సీసాలన్నీ దించి కడగాలి. చిన్నవి, పెద్దవి కలిపి వందకు పైగా ఉంటాయి. మునెమ్మ రెండు తొట్లు పెట్టుకుంది, ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. ఒక్కొక్క సీసాను మెడ దగ్గర పట్టుకొని, ముంచి, తిప్పి, బయట రుద్ది, రెండో తొట్లో జాడించి, పాత గోనెపట్టా మీద బోర్లించసాగింది. సీసాల మీద నీలం అక్షరాలతో మందుల పేర్లున్నాయి. ఎన్నేళ్లు కడిగినా ఆ అక్షరాలు చెరగవు. చెరగకూడదనే సారంగపాణి మద్రాసు నుంచి ఆ పెన్ను ప్రత్యేకంగా తెప్పించుకున్నాడు. పేరు మార్చాలంటే మాత్రం దీపాల్లో పోసే స్పిరిట్‌ను దూది మీద వేసుకొని తుడిచేవాడు.

పదో సీసానో పన్నెండో సీసానో కడుగుతుండగా ఆమె చెయ్యి ఆగింది. సీసాను వెలుగు వైపు పట్టుకొని చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అయితే ఆ నీలం ఆమెకు తెలిసిన నీలమే.

సారంగపాణి కిటికీ దగ్గర బల్ల మీద సన్నటి గాజుగొట్టాలను లెక్కపెట్టుకుంటున్నాడు. ల్యాబులో ఇంకెవరూ లేరు.

"సార్."

"ఊ."

"ఈ సీసాల మీద రాసే పెన్నూ, ఆ బోర్డు మీద రాసిన పెన్నూ ఒగటేనా?"

ఆయన చేతిలోని గొట్టాన్ని స్టాండులో పెట్టాడు. అది సరిగా కూర్చోలేదు. తీసి మళ్లీ పెట్టాడు.

"ఎవరన్నారు?"

"ఎవురూ అన్లా. రంగు ఒకే మాదిరి ఉండాదని అడగతా ఉండా."

ఆయన తలుపు దాకా పోయి వరండాలోకి చూసి తిరిగి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"బోర్డు పెన్నులు బీరువాలో ఉండిపోయినాయి. పిల్లలు వచ్చి కూర్చున్నారు. కొత్త బోర్డు మీద రాయండి సార్ అని ఒకటే గోల. జేబులో ఇది ఉండింది. రాసేటప్పుడు నాకు తట్టలేదు మునెమ్మా."

"సోమారం తట్టలేదా సార్?"

సారంగపాణి గోడ దగ్గరికి నడిచాడు. అల్మారా తెరిచి స్పిరిట్ సీసా తీశాడు. చిన్న సీసాలోకి సగం దాకా వంచి, బిరడా బిగించి, దూది చుట్టతో పాటు కాగితంలో చుట్టాడు. తొట్టి పక్కన బల్ల మీద పెట్టాడు.

"రేపు పొద్దున్నే ఊడ్చేదానికి నీకు ఆ గది తీసిస్తారు. ఎవరూ రాకముందే దీంతో తుడిచెయ్యి. అయిదు నిమిషాల పని. మచ్చ కూడా మిగలదు. నేనిచ్చినానని మాత్రం అనొద్దు. కమిటీలో వచ్చే పెద్దాయన దగ్గరే నేను పీహెచ్‌డీకి చేరేది. ఈ మాట ఆయన చెవిన పడితే బాగుండదు."

"అన్ను సార్. మరి నా కాయితం?"

"ఏం కాగితం?"

"నేను చెడగొట్టినానని సంతకం పెట్టింది."

"బోర్డు శుభ్రంగా ఉంటే ఇంక ఆ కాగితం ఎవరు చూస్తారు?"

"కడపోళ్లు సూస్తారంట."

సారంగపాణి మళ్లీ గొట్టాల దగ్గరికి పోయాడు. లెక్క తప్పింది కాబోలు, మొదటి నుంచి మొదలుపెట్టాడు. కాసేపటికి తల తిప్పకుండానే, "టీ తాగినావా మునెమ్మా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

"తాగినా సార్," అంది ఆమె. తాగలేదు. మిగతా సీసాలన్నీ కడిగి, ఆరబెట్టి, మందుల పేర్లు బయటికి కనిపించేలా అల్మారాల్లో సర్దింది. పోయేటప్పుడు కాగితం పొట్లం సంచిలో వేసుకుంది.

శుక్రవారం మొదటి బస్సుకే వచ్చింది. ప్రిన్సిపాల్ ముందురోజే తాళంచెవి గురప్పకు ఇచ్చి పోయాడు. గది ఊడ్చింది, బెంచీలు తుడిచింది, కిటికీ రెక్కలు తీసి కొక్కేలు తగిలించింది. ఆ తర్వాత పొట్లం విప్పి, దూదిని చిన్న ఉండలుగా తుంచి, కిటికీ గట్టున వరసగా పెట్టుకుంది. ఒక ఉండ మీద స్పిరిట్ కారకుండా నాలుగు చుక్కలు వేసి, ఎడమ చివరి గీత మీద పెట్టి మెల్లగా లాగింది. గీత కరిగి దూదిలోకి వచ్చేసింది. అక్కడ మళ్లీ తెలుపు కనిపించింది. ఉండను తిప్పి శుభ్రంగా ఉన్న వైపుతో ఇంకో గీత తుడిచింది. రంగు నిండిన ఉండను పక్కన పడేసి కొత్తది తీసుకుంది. తుడిచినచోట వెంటనే పొడిగుడ్డ వేసింది. ఒక్కొక్క తేనెపట్టు గదీ పోతూ వచ్చింది.

బోర్డు సగానికి వచ్చాక ఆపింది. సీసాకు బిరడా బిగించింది. మిగిలిన ఉండలను కాగితంలో చుట్టింది. రెంటినీ ఒళ్లో పెట్టుకొని గది బయట మెట్టు మీద కూర్చుంది. గురప్ప లోపలికి తొంగి చూసి వచ్చాడు.

"సగమే తుడిసినావేమక్కా? మందు అయిపాయనా?"

"ఉండాది."

"మరి?"

"సారు రానీ."

తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ వచ్చాడు. చలువచేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. వెనక రామచంద్ర కర్టెను గుడ్డ పట్టుకొని ఉన్నాడు. గదిలోకి అడుగు పెట్టిన ప్రిన్సిపాల్ బోర్డు చూసి ఆగిపోయాడు.

"పోతా ఉండాదే! ఎట్ల పోయింది? దేంతో తుడిసినావు? మిగతాది కూడా కానీ, బిన్నా కానీ. పదింటికి వాళ్లు వచ్చేస్తారు."

మునెమ్మ లేచి నిలబడింది. లోపలికి రాలేదు.

"నా కాయితం ఇప్పిచ్చండి సార్. తుడుస్తాను."

"ఏం కాయితం?"

"నేను సంతకం పెట్టింది."

"అది ఆఫీసు కాయితమ్మే. పెట్టి, తీసి ఆడుకొనేదానికి అదేమన్నా మీ ఇంటి పెట్టెలో రవికనుకుంటివా?"

"తడిగుడ్డ పెట్టి నేను చెడగొట్టినానని దాంట్లో ఉండాది సార్. బోర్డు చెడిపోయిందయితే రాత ఇట్ల పోదు గదా. సగం పోయింది, మీరే సూస్తా ఉండారు."

"నన్నే బెదిరిస్తావా?"

"లేదు సార్. కాయితం వస్తే ఇంగో దూది తీసుకుంటా. పని అయిదు నిమిషాలే."

ప్రిన్సిపాల్ గురప్ప వైపు తిరిగాడు. "రేయ్, ఆ సీసా తీసుకోని నువ్వు తుడువు."

గురప్ప చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకా పని తెలీదు సార్. రేపు ఏమన్నా అయితే నాకూ ఒగ కాయితం రాసియ్యాల్సి వస్తుంది."

రామచంద్ర కర్టెను గుడ్డలోకి ముఖం దించుకున్నాడు. ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నాడు. అప్పుడే తిరుపతి బస్సు దిగి సారంగపాణి వచ్చాడు. మునెమ్మ చేతిలో కాగితం పొట్లాన్నీ, సగం తెల్లబడిన బోర్డునూ చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

ప్రిన్సిపాల్ మునెమ్మను అడిగాడు. "అది స్పిరిట్టు గదా? నీకెవరిచ్చినారు?"

ఆమె బిరడాను ఇంకొంచెం బిగించింది.

"అడిగేది నిన్నే. ల్యాబులో నుంచి దొంగతనంగా తెచ్చినావా?"

ఆమె సారంగపాణి వైపు చూడలేదు. సీసా బిరడా మీద వేలు పెట్టుకొని నేల వైపు చూస్తోంది. వరండాలో పిల్లలు ఒకరిద్దరు ఆగి చూస్తున్నారు. సారంగపాణి కళ్లద్దాలు తీశాడు, తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు.

"నేనే ఇచ్చినాను సార్," అన్నాడు. "రాసిన పెన్ను కూడా నాదే. సీసాల మీద రాసేది. అది నీళ్లకు పోదు. ఈమె తడిగుడ్డ పెట్టినా, పెట్టకున్నా అది పోయేది కాదు."

ప్రిన్సిపాల్ బోర్డును చూశాడు, సారంగపాణిని చూశాడు, మళ్లీ గడియారం చూశాడు.

"సరే. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు. "దీని గురించి ఇంక ఎవ్వరూ మాట్లాడొద్దు. రామచంద్రా, ఆ సంజాయిషీ తీసకరా. జాబితా కూడా కొత్త షీటు మీద టైపు చెయ్యి. రిమార్కు అక్కర్లేదు."

రామచంద్ర కర్టెను బెంచీ మీద పడేసి పరుగెత్తాడు. వచ్చి కాగితం మునెమ్మ చేతికిచ్చాడు. ఆమె దాన్ని వెలుగులోకి పట్టుకొని కింది భాగం చూసింది. పక్కకు ఒరిగిన ఒత్తు కనిపించాక నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"చించెయ్ అత్తా," అన్నాడు రామచంద్ర మెల్లగా.

"ఇంట్లో పొయ్యి ఉండాదిలే," అంది. అతను తిరిగి పోబోతుంటే, "ఏం నాయనా, సారోళ్ల పొరపాటుకు కాయితం రాసే పన్లేదా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, తెలుసుకోవాలనే అడిగింది. రామచంద్ర ఆఫీసు వైపు నడిచాడు. ఆ మెమోను టైపు చేసిందీ, సంజాయిషీని రాసిందీ అతని చేతులే.

ఆమె లోపలికి పోయి మిగతా సగం తుడిచింది. ఆఖరి ఉండతో అల్యూమినియం పట్టీకి ఎండి అంటుకున్న చింతపండు మరక కూడా తీసింది. నీలం పట్టిన దూదినంతా ఏరి కాగితంలో చుట్టింది. స్పిరిట్ సీసాను సారంగపాణికి చూపించి, "ఇంకా కొంచెం మిగిలింది సార్," అని బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తీసుకొని జేబులో పెట్టుకున్నాడు.

కమిటీవాళ్లు ముగ్గురు పదిన్నరకు వచ్చారు. లైబ్రరీ చూశారు, ల్యాబులు చూశారు. ప్రిన్సిపాల్ వాళ్లను సెమినార్ హాలుకు తీసుకొచ్చి బోర్డు పక్కన నిలబడ్డాడు. ముగ్గురిలో పెద్దాయన, సారంగపాణి చెప్పిన ఆయనే, దగ్గరికొచ్చి అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఇవి మద్రాసులో చూశాను. మా పక్క కాలేజీ వాళ్లు ఒకటి తెప్పించుకొని నెల తిరక్కుండానే పాడుచేసుకున్నారు. తుడవడం తెలియక. మీరు దీన్ని ఎట్లా తుడుస్తున్నారు?"

ప్రిన్సిపాల్ సారంగపాణి వైపు చూశాడు. సారంగపాణి నోరు తెరిచి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. మునెమ్మ అక్కడ పొరక పట్టుకొని నిలబడి ఉంది.

"నువ్వు చెప్పు మునెమ్మా," అన్నాడు.

పెద్దాయన కూడా అటు తిరిగాడు. మునెమ్మ పొరకను గోడకు ఆనించి పెట్టింది.

"దేంతో రాసినారో ముందు మాకు చెప్పాల సార్," అంది. "చెప్తే, దానికి తగినట్టు తుడుస్తాం."

"అంతేనా?"

"అంతే సార్."

పెద్దాయన నవ్వి, జేబులో నుంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. ఆయన నవ్వాడని ప్రిన్సిపాల్ కూడా నవ్వాడు. సారంగపాణి నవ్వలేదు. మునెమ్మ వైపు చూసి తల కొంచెం వంచాడు. ఆమె పొరక తీసుకొని వాళ్లకు దారి ఇచ్చింది.